విమానానికి బరువు, ఓడకి జాగా

"సామాను పంపడానికి ఎంతవుతుందండీ?"

దేశం మారబోతున్నవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న ఇదే. మేము 2024 ఆగస్టులో న్యూజెర్సీ నుంచి లండన్ శివార్లలోని హారోకి మారాం కాబట్టి, ఆ దారిన రాబోయేవాళ్ళు, ఇండియా వెళ్ళిపోదామనుకునేవాళ్ళు, ఆస్ట్రేలియా వైపు చూస్తున్నవాళ్ళు.. అందరూ నన్నే పట్టుకుంటున్నారు. "మీరెంత పంపుదామనుకుంటే అంతవుతుంది" అంటే వెటకారం చేస్తున్నాననుకుంటున్నారు. వెటకారం కాదండీ, అదే అసలు సమాధానం. కూరల కొట్టుకెళ్ళి "కూరలెంత?" అంటే కొట్టువాడు మాత్రం ఏం చెబుతాడు? అందుకని మా ఇంటి లెక్కలన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీ అంకెలు వేరే ఉంటాయి, పద్ధతి మాత్రం పనికొస్తుంది.

ముందు డబ్బు సంగతి. పద్నాలుగేళ్ళు అమెరికాలో ఉన్నాం. గ్రీన్‌కార్డు వరసలో మా వంతు ఎప్పుడొస్తుందో తెలియదు, మా అమ్మాయికి పన్నెండేళ్ళొచ్చాయి. 21 నిండితే పిల్లలు మన అప్లికేషన్ నుంచి జారిపోతారు. ఆ లెక్క ఎన్నిసార్లు వేసినా ఒకలాగే వస్తోందని లండన్ ఉద్యోగానికి ఒప్పుకున్నాను. కొత్త కంపెనీ నా వీసా ఖర్చు పెట్టుకుంది, విమానం టికెట్లు ఇచ్చింది. మిగతాది మాదే.

ఆ మిగతాదాంట్లో మొదటి దెబ్బ హెల్త్ సర్‌ఛార్జి. బ్రిటన్‌కి వీసా మీద వెళ్ళేవాళ్ళు అక్కడి ప్రభుత్వ వైద్యానికిగాను వీసా ఎన్నేళ్ళుంటే అన్నేళ్ళ రుసుమూ ముందే కట్టాలి. 2024 ఫిబ్రవరి 6 నుంచి దాన్ని పెద్దవాళ్ళకి ఏడాదికి 624 పౌన్ల నుంచి 1,035 పౌన్లకి, పిల్లలకి 470 నుంచి 776కి పెంచారు. మా ఆవిడకీ అమ్మాయికీ మూడేళ్ళకి కలిపి 5,433 పౌన్లు. ఒక్క క్లిక్కుతో పోయాయి. ఆ తర్వాత ఇంటి అడ్వాన్సు. ఇంగ్లండులో 2019 చట్టం ప్రకారం మామూలు అద్దె ఇళ్ళకి అయిదు వారాల అద్దెకి మించి డిపాజిట్ తీసుకోకూడదన్నది కాస్త ఊరట. ఇవన్నీ పోను, సామాను కోసం నేను పక్కన పెట్టగలిగింది 4,500 డాలర్లు. అది దాటితే చేతిలో ఉంచుకున్న మూడు నెలల ఖర్చుల్లోంచి తియ్యాలి. మా ఆవిడకి అక్కడ ఉద్యోగం దొరికేదాకా ఉన్న ఆసరా అదే.

కాబట్టి నా మొదటి ప్రతిపాదన చాలా సులువైనది: ఏమీ పంపొద్దు. తలకి మూడు సూట్‌కేసులు, మిగతాదంతా అమ్మెయ్యడమో, ఇచ్చెయ్యడమో. లండన్‌లో సామానుతో సహా అద్దెకిచ్చే ఇళ్ళు బోలెడుంటాయి. ఎక్సెల్ షీటులో ఇంతకంటే ముచ్చటైన జవాబు లేదు.

మా ఆవిడ షీటు వైపు చూడనైనా చూడలేదు. "ఏవండీ, హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు రెండు సూట్‌కేసుల్లో సర్దమన్నారు, సర్దాను. పెళ్ళిలో ఇచ్చిన సామానంతా మా పెద్దమ్మ వాళ్ళింటి అటక మీద పెట్టి వచ్చాను. అందులో ఇప్పుడేం మిగిలుందో నాకు తెలీదు. ఇప్పుడు మళ్ళీ మూడు సూట్‌కేసులంటున్నారు. మరి ఈ పద్నాలుగేళ్ళూ నేను ఎక్కడున్నట్టు?" అంది.

దీనికి ఎక్సెల్‌లో ఫార్ములా లేదు. అలాగని మూడు నెలల ఆసరా కూడా ఊరికే వచ్చింది కాదు. సరే, ముందు అసలు ఏ వస్తువు పంపడానికి ఎంతవుతుందో కొలుద్దాం, ఆ తర్వాత మాట్లాడుకుందాం అనుకున్నాం. మర్నాడు టేపు కొన్నాను.

ఇక్కడ మన తెలుగువాళ్ళందరికీ ఒక అలవాటు అడ్డం పడుతుంది. మనకి ప్రయాణమంటే బరువు. సూట్‌కేసుని కాటా మీద పెట్టి, 23 కిలోలకి అరకిలో ఎక్కువైతే కందిపొడి తీసి పక్క పెట్టెలో పెట్టి, మళ్ళీ తూచి, మళ్ళీ తీసి.. ఈ పని చెయ్యని ఇల్లుండదు. అందుకని సామాను పంపడమనగానే బరువైనవన్నీ ముందు తీసేస్తాం. ఇత్తడి వద్దు, పుస్తకాలు వద్దు, కుక్కర్లు వద్దు అంటాం. దుప్పట్లు, దిళ్ళు, ప్లాస్టిక్ సామాను తేలికే కదా అని ఉంచుతాం.

ఓడ దగ్గర ఇది సరిగ్గా తిరగబడుతుంది. విమానం బరువు అడుగుతుంది, ఓడ జాగా అడుగుతుంది. ఇంకొకరితో కలిపి పంపే కంటైనర్‌లో రేటు క్యూబిక్ మీటరుకో, క్యూబిక్ అడుగుకో ఉంటుంది. బరువు లెక్క పూర్తిగా లేకపోలేదు, సాధారణంగా క్యూబిక్ మీటరూ టన్నూ, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి కట్టాలంటారు. కానీ ఇంటి సామాను ఎప్పుడూ ఆ టన్ను దరిదాపులకి పోదు. ప్యాకర్లు వాడే మోటు లెక్క క్యూబిక్ అడుగుకి 7 పౌండ్లు. టన్ను హద్దు దాటాలంటే క్యూబిక్ అడుగుకి 62 పౌండ్లు ఉండాలి. అంటే ఇల్లంతా రోళ్ళూ రోకళ్ళూ నింపుకుంటే తప్ప మీ బిల్లు బరువుని బట్టి రాదు.

కొలవడం కష్టమేమీ కాదు. పొడుగు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో కొలిచి, మూడూ గుణించి, 1,728తో భాగిస్తే క్యూబిక్ అడుగులొస్తాయి. అట్టపెట్టెలకి ఆ పని కూడా అక్కర్లేదు. అమెరికాలో అమ్మే చిన్న పెట్టె ఒకటిన్నర అడుగు, మధ్యరకం మూడు, పెద్దది నాలుగున్నర. రెండు శనాదివారాలు నేనూ మా అమ్మాయీ ఇల్లంతా కొలిచాం. తను టేపు పట్టుకుని అంకెలు చెప్పడం, నేను రాసుకోవడం. మొత్తం ఇల్లు 740 క్యూబిక్ అడుగులు తేలింది.

ఇరవై అడుగుల కంటైనర్ లోపల దాదాపు 1,170 క్యూబిక్ అడుగులుంటుంది. అంటే మా ఇల్లు దాంట్లో మూడింట రెండొంతులు కూడా లేదు. మొత్తం కంటైనర్ మాకే తీసుకుంటే ఇంటి నుంచి ఇంటికి 7,200 డాలర్లు చెప్పారు. కలిపి పంపే కంటైనర్‌లో, 200 అడుగులు దాటితే అడుగుకి సుమారు 12 డాలర్లు పడింది. సామాను 600 అడుగులు దాటేవాళ్ళు సొంత కంటైనర్ ధర కూడా అడగడం మంచిది. తక్కువున్నవాళ్ళకి పంచుకోవడమే దారి.

ఈ 12 డాలర్లు చేతికి రాగానే ఇల్లు మొత్తం వేరేగా కనపడడం మొదలెట్టింది. ఏ వస్తువుని చూసినా దాని పక్కన ఒక ధర చీటీ వేలాడుతున్నట్టే.

మా సోఫా 63 అడుగులు. అంటే ఓడ టికెట్ 756 డాలర్లు. కొన్నది 600కి, అదీ తొమ్మిదేళ్ళ క్రితం. పైగా బ్రిటన్‌లో 1988 నాటి అగ్నిప్రమాద నిబంధనలున్నాయి. ఆ లేబుల్ లేని సోఫాని తర్వాత వదిలించుకుందామన్నా చారిటీ షాపులవాళ్ళు తీసుకోరు. సోఫా అక్కడే ఆగిపోయింది.

క్వీన్ సైజు పరుపు 28 అడుగులు, 336 డాలర్లు. వద్దు. కానీ దాని దుప్పట్లు మాత్రం తెచ్చుకోవచ్చు. అమెరికా క్వీన్, బ్రిటన్ కింగ్ దాదాపు ఒకటే కొలత, 152కి 203 సెంటీమీటర్లు ఒకటి, 150కి 200 ఇంకొకటి. పేరు మారి మనకి పదోన్నతి వచ్చినట్టుంటుంది, అంతే.

స్టీలు సామాను, కుక్కర్లు, ఇడ్లీ పాత్ర, ఇనప పెనాలు, ఇత్తడి దీపాలు, పోపులపెట్టె, మొత్తం నాలుగు మధ్యరకం పెట్టెలు. 12 అడుగులు, 144 డాలర్లు. ఇవన్నీ లండన్‌లో మళ్ళీ కొనాలంటే ఆ డబ్బుకి కుక్కర్ల దగ్గరే ఆగిపోతాం. ఇవి పంపాలి.

పుస్తకాలు ఎనిమిది చిన్న పెట్టెలు, 12 అడుగులు, 144 డాలర్లు. ఒకప్పుడు పుస్తకాలకి పోస్టాఫీసు దిక్కుండేది. అమెరికా పోస్టల్ సర్వీసు 2007 మేలో విదేశాలకి ఓడ మీద పంపే సర్ఫేస్ మెయిల్ ఆపేసింది. అప్పటినుంచి పుస్తకాలున్నవాళ్ళకి ఇలా ఇంటి సామానుతో కలిపి పంపడమే నయం.

మా అత్తగారి రోలు గురించి ప్రత్యేకం చెప్పాలి. 2012లో మా ఆవిడ పురిటికి వచ్చినప్పుడు కాయం నూరడానికని ఆవిడ కాకినాడ నుంచి ఓ చిన్న నల్లరాతి రోలు, పొత్రం తెచ్చారు. తొమ్మిది కిలోలు. దానికోసం ఒక పెట్టెలో పచ్చళ్ళన్నీ తీసేశారని తర్వాత తెలిసింది. ఇప్పుడది కొలిస్తే ఒక క్యూబిక్ అడుగు కూడా లేదు. 12 డాలర్లు! ఆవిడ విమానంలో మోసిన బరువుకి ఓడలో దీని టికెట్ ఒక పిజ్జా ధర. రోలు లెక్కల్లోనే గెలిచేసింది, సెంటిమెంటు దాకా వెళ్ళక్కర్లేకపోయింది.

లెక్కకి ఇంకో మెలిక కరెంటు. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. బ్రిటన్‌లో మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. లాప్‌టాప్, ఫోన్ ఛార్జర్ల మీద చిన్న అక్షరాల్లో 100-240 అని ఉంటే భయం లేదు, ప్లగ్గు మారిస్తే చాలు. మోటారు తిరిగేవీ, వేడెక్కేవీ మాత్రం ఆశ వదులుకోవాలి. వెట్ గ్రైండర్, మిక్సీ, రైస్ కుక్కర్, ఇస్త్రీపెట్టె, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుని ఇవి నడుపుకోవచ్చు గానీ, ఆ ట్రాన్స్‌ఫార్మర్ ధరకి అక్కడ ఓ మిక్సీ వస్తుంది. మా గ్రైండర్ తయారైంది తమిళనాడులో, మేము కొన్నది ఎడిసన్‌లో, అమెరికా కరెంటు కోసం ప్రత్యేకంగా చేసింది. ఇప్పుడది అమెరికాలో తప్ప పుట్టింటితో సహా ఎక్కడా తిరగదు! మా పక్కవీధి తెలుగువాళ్ళకి ఇచ్చేశాం. కాకినాడలో మా అమ్మ దగ్గరున్న పాత మిక్సీకి మాత్రం లండన్‌లో ప్లగ్గు మారిస్తే చాలు.

ఇలా ప్రతి వస్తువునీ ఒకే ప్రశ్న అడిగాం: "నువ్వు అక్కడ కొత్తగా ఎంతకి దొరుకుతావు? నీ జాగాకి ఎంతవుతుంది?" మొదటిది పెద్దదైతే పెట్టెలోకి. రెండోది పెద్దదైతే అమ్మకానికి. 740 అడుగుల ఇల్లు 160కి దిగింది. అంటే 1,920 డాలర్లు. నేను చాలా సంతోషించాను.

మా ఆవిడ సంతోషించలేదు. జాబితా అంతా చదివి, "ఇందులో మనం ఉన్నట్టు లేదు. ఒక హోటలు వంటగదీ, ఒక లైబ్రరీ ఉన్నాయి" అంది. నిజమే. ఆ ప్రశ్న వస్తువు ధరని అడుగుతుంది తప్ప, అది ఎవరిదని అడగదు. అక్కడ మళ్ళీ కొనలేనివాటికి "కొత్తగా ఎంత" అన్న గడిలో ఏం రాస్తాం? సున్నా రాస్తే అన్నీ ఓడిపోతాయి. ఎంతైనా రాయొచ్చంటే అన్నీ గెలుస్తాయి, బడ్జెట్టు మునుగుతుంది.

అప్పుడు మేము చేసిన పని మీకు గట్టిగా సిఫారసు చేస్తాను. తలకి 20 క్యూబిక్ అడుగుల చొప్పున కోటా పెట్టుకున్నాం. మొత్తం 60 అడుగులు, 720 డాలర్లు. అందులో ఎవరేం పెట్టుకున్నా ఇంకొకళ్ళు అడగకూడదు, నవ్వకూడదు, ధర చెప్పకూడదు. పెద్దవాళ్ళకెంతో చిన్నవాళ్ళకీ అంతే. దీన్ని "ఇతర ఖర్చులు" అని షీటు చివర పెట్టలేదు. మొదటి వరసలో పెట్టి, మిగిలిన డబ్బుకే మిగతా సామాను లెక్కేసుకున్నాం.

మా ఆవిడ తన 20 అడుగులూ ఒక్క ఊగే కుర్చీకి ఇచ్చేసింది. పురిటి రోజుల్లో ఒక యార్డ్ సేల్‌లో 60 డాలర్లకి కొన్నది. ఒక చెయ్యి మీద రంగు పోయింది. రాత్రుళ్ళు పిల్లని ఎత్తుకుని అందులోనే కూర్చునేది. ఓడ టికెట్ 240 డాలర్లు. నేను నియమం ప్రకారం ఏమీ అనలేదు. అనాలని కూడా అనిపించలేదు.

మా అమ్మాయి కీబోర్డు పెట్టుకుంది, స్నేహితులు రాసిచ్చిన కాగితాల డబ్బా పెట్టుకుంది, మంచు మీద జారే ఒక నీలం ప్లాస్టిక్ బండి పెట్టుకుంది. లండన్‌లో మంచు ఎప్పుడో గానీ పడదు, పడినా నిలవదు. నోటి దాకా వచ్చింది. మా ఆవిడ నా వైపు చూసింది. మూడు అడుగులు, 36 డాలర్లు. మూసుకున్నాను.

నాకు ఆరడుగులు సరిపోయాయి. మా నాన్నగారి ఉత్తరాలు, నీలం రంగు ఇన్‌లాండ్ లెటర్లు, ఆయన టేబుల్ గడియారం, నా కాలేజీ నోట్సులు. మిగిలిన పద్నాలుగూ మా అమ్మాయి అడిగి తీసుకుంది, ఊడదీసిన తన చదువుకునే బల్ల కోసం. ఆ బల్ల నా లెక్కలో ఓడిపోయిందే. కానీ బేరం తనే వచ్చి అడిగింది, నేనిచ్చాను.

ఇల్లు మారడం మన నిర్ణయం. పన్నెండేళ్ళ పిల్లకి అందులో ఓటు లేదు. ఇక్కడ మాత్రం తనకి మాతో సమానంగా ఓటొచ్చింది. కొలవడం మొదలైన రోజుల్లో ముభావంగా ఉన్న పిల్ల, కోటా ఇచ్చాక తన గది తనే కొలుచుకుని, ఏది పడుతుందో ఏది పట్టదో తనే తేల్చుకుని, పట్టనివాటిని తనే స్నేహితులకి పంచింది. ఏడవలేదని కాదు. ఏం వదలాలో మాత్రం తనే నిర్ణయించుకుంది.

ఇక కొటేషన్ల దగ్గర జాగ్రత్తలు. మేము నాలుగు తీసుకున్నాం. అంకెలు పక్కపక్కన పెట్టి చవకదాన్ని ఎంచుకోవడం కుదరదు, ఎందుకంటే నాలుగూ నాలుగు భాషల్లో ఉంటాయి. ఒకరు సామాను కొలతకి ధర చెబుతారు. ఇంకొకరు సామాను పెట్టిన చెక్కపెట్టె బయటి కొలతకి చెబుతారు. లిఫ్ట్‌వ్యాన్ అనే ఆ చెక్కపెట్టె బయట సుమారు 206 అడుగులుంటుంది, లోపల పట్టేది అంతకంటే తక్కువ. రేటు తక్కువగా కనపడినా కొలత ఎక్కువై బిల్లు అక్కడికే వస్తుంది. "ఈ కొలత సామానుదా, పెట్టెదా?" అని రాతలో అడగండి.

రెండోది, ఎక్కడి దాకా? ఇంటి నుంచి రేవుకా, ఇంటి నుంచి ఇంటికా? రేవు దాకా అయితే అవతల దింపుడు ఖర్చు, గోదాం, కస్టమ్స్ ఏజెంటు, మళ్ళీ లారీ, అన్నీ మీవే. మాకొచ్చిన వాటిలో అన్నిటికంటే చవకది, 1,500 డాలర్లది, ఆ రకమే. ఇంటి దాకా అన్నవాళ్ళు కూడా మేడ మీదికి మొయ్యడానికి, లారీ దూరంగా ఆగితే మోసుకురావడానికి వేరే తీసుకుంటారు. లండన్‌లో అయితే ఇంటి ముందు లారీ ఆపడానికి కౌన్సిల్‌కి డబ్బు కట్టి పార్కింగ్ బే సస్పెన్షన్ తీసుకోవాల్సి రావచ్చు. కస్టమ్స్‌వాళ్ళు కంటైనర్ తెరిచి చూస్తే ఆ ఖర్చు ఎవరిదో కూడా అడగండి.

మూడోది లైసెన్సు. అమెరికా నుంచి ఓడలో సామాను పంపే మధ్యవర్తులకి ఫెడరల్ మారిటైమ్ కమిషన్ లైసెన్సు, బాండు ఉండాలి. ఆ కమిషన్ వెబ్‌సైటులో పేరు కొడితే తెలుస్తుంది. సామాను చేతికొచ్చాక ఇంకో వెయ్యి అడిగి, ఇస్తేనే వదులుతామనే రకాలు ఈ వ్యాపారంలో ఉన్నాయి. ఆ ఒక్క నిమిషం వెతుకులాట అన్నిటికంటే చవకైన ఇన్సూరెన్సు.

అసలు ఇన్సూరెన్సు మాట. "ఓడ మునుగుతుందా ఏంటి?" అని చాలామంది వదిలేస్తారు. మునగక్కర్లేదు. 2024 మార్చి 26 తెల్లవారకముందే బాల్టిమోర్‌లో డాలీ అనే ఓడ ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెనని గుద్దింది. వంతెన కూలి, దాని మీద పని చేస్తున్న ఆరుగురు పోయారు. మేము పెట్టెలు కొలుస్తున్న వేసవికి సరిగ్గా ముందు సంగతి. ఆ తర్వాత ఓడ యజమానులు "జనరల్ ఏవరేజ్" ప్రకటించారు. ఇది సముద్ర వ్యాపారంలో చాలా పాత పద్ధతి. ఓడనీ సరుకునీ కాపాడడానికి పెట్టిన అసాధారణ ఖర్చుని, ఓడలో సరుకున్నవాళ్ళంతా తమ సరుకు విలువని బట్టి పంచుకోవాలి. మీ పెట్టెకి గీత పడకపోయినా సరే. హామీ ఇచ్చేదాకా మీ సామాను మీకివ్వరు. 2021లో సూయెజ్ కాలవకి అడ్డం పడ్డ ఎవర్ గివెన్ ఓడ విషయంలోనూ ఇదే జరిగింది. మెరైన్ ఇన్సూరెన్సు ఉంటే ఈ వాటా వాళ్ళు చూసుకుంటారు.

ఇన్సూరెన్సు లేకపోతే పోయిన సామానుకి ఓడవాళ్ళిచ్చేది స్వల్పం. అమెరికాలో 1936 నాటి చట్టం ప్రకారం వాళ్ళ బాధ్యత ఒక్కో ప్యాకేజీకి 500 డాలర్లు దాటదు. మేము 9,000 డాలర్ల విలువ రాసి, మూడు శాతం చొప్పున 270 కట్టాం. ఒక్క షరతు గమనించండి: మీరు సొంతంగా సర్దిన పెట్టెల్లో వస్తువులు పగిలితే సాధారణంగా ఇవ్వరు. అందుకని గాజు, పింగాణీ వాళ్ళ చేత సర్దించి, బట్టలూ పుస్తకాలూ స్టీలూ మేము సర్దుకున్నాం.

బ్రిటన్ కస్టమ్స్ సంగతి. ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ అని ఒక మినహాయింపు ఉంది. అంతకుముందు వరసగా 12 నెలలు బ్రిటన్ బయట ఉండి, సామాను కనీసం ఆరు నెలలుగా మన వాడకంలో ఉంటే, సుంకం, 20 శాతం వ్యాట్ పడవు. సామాను వెళ్ళేలోపే ఆన్‌లైన్‌లో అప్లై చేసి నంబరు తెచ్చుకోవాలి. సామాను జాబితా, పాత ఇంటి, కొత్త ఇంటి రుజువులు అడుగుతారు. కొలిచిన జాబితా అప్పటికే ఉంది కాబట్టి మాకా పని ఒక సాయంత్రంలో అయిపోయింది. తెచ్చినవి 12 నెలలదాకా అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. వెళ్ళే ముందు కొత్త టీవీ కొని పెట్టెలో పడేద్దామనుకునేవాళ్ళు ఆ ఆరు నెలల సంగతి గుర్తుంచుకోండి.

తిండి పదార్థాలు పెట్టకండి. ఇంటి సామాను కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు, నెయ్యిలాంటి పాల పదార్థాలు అమెరికా నుంచి బ్రిటన్‌కి మనం తీసుకెళ్ళడానికే వీల్లేదు. మా ఇంట్లో ఉన్న రెండు జాడీల ఆవకాయ ఆఖరి వారం వీడ్కోలు భోజనాల్లో ముగ్గురిళ్ళకి పంచాం. హారోలో ఆవకాయకి కరువేమీ లేదులెండి.

అందరూ మర్చిపోయే ఖర్చు మధ్యకాలం. న్యూజెర్సీ రేవు నుంచి ఇంగ్లండుకి ఓడ ప్రయాణం రెండు వారాల లోపే. కానీ కలిపి పంపే కంటైనర్ నిండేదాకా కదలదు. మా సామాను ఇంట్లోంచి వెళ్ళాక ఇంటికి రావడానికి తొమ్మిది వారాలు పట్టింది. ఆ తొమ్మిది వారాలూ బతకడానికి గాలి పరుపులు, నాలుగు కంచాలు, రెండు గిన్నెలు, ఒక కుక్కరు కావాలి. ఒక సూట్‌కేసుని "మొదటి వారం పెట్టె" అని పేరు పెట్టి సర్దండి: కుక్కరు, పోపు దినుసుల ఖాళీ డబ్బాలు, దుప్పట్లు, స్కూలు కాగితాలు. స్కూలు కాగితాలు, పాస్‌పోర్టులు, నగలు ఎట్టి పరిస్థితుల్లోనూ ఓడెక్కించకండి.

చివరికి మా లెక్క ఇలా తేలింది. 220 అడుగుల సామానుకి 2,640 డాలర్లు. ఇన్సూరెన్సు 270. అట్టపెట్టెలు, టేపులు 140. విమానంలో అదనపు సూట్‌కేసులకి 300. లండన్‌లో పార్కింగ్ 110. మధ్యకాలం సామాను 420. మొత్తం 3,880. అనుకున్న 4,500లో 620 మిగిలాయి. కారు కాకుండా అమ్మినవాటి మీద 1,350 వచ్చాయి గానీ, ఆ డబ్బుని బడ్జెట్‌లో ముందే కలపలేదు. ఆఖరి వారంలో కొనేవాళ్ళదే రాజ్యం, 200 అనుకున్నది 40కి పోతుంది. వస్తే పండగ అనుకోవాలి, అంతే.

మూడు నెలల ఆసరా ముట్టుకోలేదు. మా ఆవిడకి ఉద్యోగం రావడానికి అయిదు నెలలు పట్టింది కాబట్టి, అది మిగలడం ఎంత అవసరమో తర్వాత తెలిసొచ్చింది. ఆ 720 డాలర్ల కోటా లేకపోతే ఇంకా ఎక్కువే మిగిలేది. కానీ మారబోతున్నవాళ్ళెవరైనా షీటు పంపి చూడమంటే, నేను మొదట వెతికేది ఆ వరస కోసమే. మీకు 20 అడుగులు కుదరకపోతే పది పెట్టుకోండి. ఒక్కో చిన్న అట్టపెట్టే పెట్టుకోండి. ఎంతైనా సరే, అది పిల్లలతో సహా అందరికీ సమానంగా ఉండాలి, అందులో ఏముందని ఎవరూ అడగకూడదు. మిగతా అన్నిటినీ నిర్దాక్షిణ్యంగా కొలవండి.